మన మేడ పేజీలో నేను చెరిపేసిన మాటలు

అమలాపురం,
12-11-2006, ఆదివారం.

మస్కట్‌లో ఉన్న మావారికి,

మీ మాధురి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. అత్తయ్యగారు, బావగారు, బేబక్క, పాప, నేను ఈ రోజు వరకు ఒంటి మీద దెబ్బ లేకుండా ఉన్నాం. మీరూ ఆ ఎండల్లో ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ‘ఈ రోజు వరకు’ అని ఎందుకు రాశానో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నలుగురూ ఉన్న గదిలో కాకుండా, ఒక్కరే ఓ పక్కన కూర్చుని చదవండి.

ఫోన్‌లోనే చెప్పాలని చూశాను. మీ క్యాంపు ఆఫీసుకి మూడుసార్లు చేస్తే, మీరు ఎడారిలో పైపులైను పనికి వెళ్ళారని, గురువారం గాని తిరిగి రారని అక్కడి క్లర్కు చెప్పాడు. మీ క్యాంపులోనే ఉండే భీమరాజుగారు సెలవు అయిపోయి రేపు బయల్దేరుతున్నారు. మీరు రాగానే మీ చేతికే ఇస్తానని మాట ఇచ్చారు. ఉత్తరంతో పాటు రెండు ఫొటోలు కూడా పెడుతున్నాను. వాటిని ఇప్పుడే చూడకండి. ఎప్పుడు చూడాలో చెబుతాను.

ముందు మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. పాపకి చెవి నొప్పి పూర్తిగా తగ్గింది. బడికి వెళుతోంది, ఎక్కాలు పదమూడు దాకా వచ్చాయి. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. మీరు పంపిన నూనె వాసన బాగుందని చెప్పి మోకాళ్ళకి కాకుండా చేతులకి రాసుకుంటున్నారు. అక్టోబరు చివర కురిసిన వానకి మన వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి గాని ఇంట్లోకి రాలేదు.

‘కోనసీమ గదులు’ సైటు ఎలా నడుస్తోంది, ఇంకా విసుగు పుట్టలేదా అని అడిగారు. నడుస్తోంది. మన ఇంటర్నెట్ సెంటర్‌లో రెండు కంప్యూటర్లు పిల్లలకి వదిలేసి, మూడోదాని ముందు నేను కూర్చుంటున్నాను. ప్రతి గురువారం ఒక్కొక్క ఇంటివాళ్ళకీ ఫోన్ చేసి గది ఖాళీగా ఉందా, నిండిందా కనుక్కుని మారుస్తాను. మొదట్లో ఇంటివాళ్ళు ఏం చెబితే అది పెట్టేసేదాన్ని కదా. ‘కాలేజీకి అయిదు నిమిషాల నడక’ అని ఒకాయన చెబితే నమ్మి పెట్టాను. రాజోలు నుంచి వచ్చిన ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి, “అమ్మా, మీ అయిదు నిమిషాలు నడిచేసరికి నా చెప్పు తెగిందండీ” అన్నారు. అప్పట్నుంచి ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి, గడియారం చూసుకుంటూ కాలేజీ దాకా నడుస్తున్నాను. ఫొటోలు కూడా నేనే తీస్తాను. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఉప్పగా ఉన్నాయనే రాస్తున్నాను. దాని వల్ల ఇద్దరు ఇంటివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు గాని తల్లిదండ్రులకి నమ్మకం పెరిగింది. ఈ ఏడాది కొత్తగా ‘ఉన్నవాళ్ళ మాట’ అని ఒక చోటు పెట్టాను. ఆ గదిలో ఉంటున్న పిల్లలే మంచీ చెడూ రాస్తారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, చదవడానికి కాస్త ఓపిక కావాలి.

క్యాంపు కంప్యూటర్‌లో మీరు, కాలేజీ ఆడపిల్లలకి గదులు అద్దెకిచ్చిన మన మేడ పేజీ చూశానని రాశారు. “అందరి ఇళ్ళ కిందా పిల్లల మాటలున్నాయి, మన ‘సత్య నిలయం’ కింద మాత్రం ఒక్కటీ లేదేం?” అని అడిగారు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ వెంటనే రాయడానికి చెయ్యి రావడం లేదు. ముందు జరిగింది చెబుతాను.

దసరా అయ్యాక బావగారు మేడకి రంగులు వేయించారు. లోపలి గోడలకి లప్పం పట్టించి తెల్లగా మెరిపించారు. నన్ను పిలిచి, “అమ్మాయ్, పాత ఫొటో తీసేసి కొత్తది పెట్టు. చూసినవాళ్ళకి కళ్ళు చెదిరిపోవాలి” అన్నారు. వెళ్ళి, ఎప్పుడూ తీసే చోటే, ఎదురుగా ఉన్న రైసుమిల్లు గేటు దగ్గర నిలబడి తీశాను. సెంటర్‌కి వచ్చి పాత ఫొటో తీసి కొత్తది పెడదామని రెండూ తెర మీద పక్కపక్కన తెరిచాను. పాతది పోయిన ఏడాది జూన్‌లో, మూడో అంతస్తు పూర్తయిన రోజున తీసింది.

ఇప్పుడు ఆ ఫొటోలు తీసి చూడండి. మేడకి ఎడమ పక్కన కరెంటు స్తంభం ఉంది చూశారా? పాత ఫొటోలో స్తంభానికీ మేడ అంచుకీ మధ్య సందు కింద ఎంతుందో పైనా అంతే ఉంది. కొత్త ఫొటోలో కింద సందు అలాగే ఉంది. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడిపోయి, పిట్టగోడ దగ్గర స్తంభమూ మేడా కలిసిపోయాయి.

స్తంభం ఒరిగిందేమో అనుకుని పరుగున వెళ్ళి చూశాను. అది నిటారుగానే ఉంది. బావగారికి చెబితే నవ్వి, “కెమెరా వంకరగా పట్టుకుని ఉంటావులే” అన్నారు. మర్నాడు పొద్దున్న ఆ మేడ కట్టిన అప్పలరాజు మేస్త్రిని తీసుకెళ్ళాను. ఆయన పిట్టగోడ మీద నుంచి తాడుకి కట్టిన ఇనప గుండు కిందికి వదిలి, దిగి వచ్చి చూశాడు. పైన గోడకి ఆనుకుని ఉన్న తాడు, కింద గోడకి బెత్తెడు దూరంలో వేలాడుతోంది. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

“ఈ స్థలం ముందు గొయ్యండీ. ఊకా, ఇటిక ముక్కలూ పోసి పూడ్చేరు. పునాది రెండంతస్తులకని వేసేం. మొన్నటి వరదకి కింద మట్టి నాని ఉంటది. లోపల పిల్లలెంతమంది ఉన్నారమ్మా?”

“ఇరవై ఆరుగురు.”

“ఆయ్... అయితే ముందు ఆళ్ళని పంపెయ్యండమ్మా. తర్వాత సంగతి తర్వాత.”

“ఎన్ని రోజులు టైముందంటావు మేస్త్రీ?”

“అది నన్నడక్కండి. పదేళ్ళు నిలబడొచ్చు. మనం ఇలా మాటాడుకుంటుండగానే కూర్చోనూ వచ్చు.”

ఆ రోజే సైటులో మన మేడ పేజీ పైన ఎర్ర అక్షరాలతో రాశాను: ‘ఈ మేడలో ఎవరూ ఉండకూడదు. గోడలు ఒరుగుతున్నాయి. – మాధురి.’ సైటులో ఉన్న ఇంటివాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఉప్పు నీళ్ళని రాసినందుకు కోపం పెట్టుకున్న ఆయన కూడా, “ఆడపిల్లలండీ, రమ్మనండి, మా హాల్లో నలుగురు పడుకోవచ్చు” అన్నారు. రెండు రోజుల్లో ఇరవై ఆరుగురికీ చోటు దొరికింది. పిల్లలు బకెట్లు, పరుపు చుట్టలు, పుస్తకాల సంచులు పట్టుకుని ఒకరి వెనక ఒకరు మెట్లు దిగుతుంటే నేను కింద నిలబడి లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఆరో అమ్మాయి గేటు దాటేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

బావగారు సెంటర్‌కి వచ్చారు. పిల్లలున్నారని కూడా చూడలేదు.

“నా తమ్ముడు రక్తం ధారపోసి కట్టుకున్న ఇంటి మీద ఇలా రాసే హక్కు నీకెవరిచ్చేరు?”

“అది మన ఇల్లే కదండీ బావగారూ. అందుకే రాశాను.”

“కూలినప్పుడు రాద్దువుగాని!”

“కూలాక రాయడానికి ఏముంటుందండీ?”

ఆయన చెయ్యెత్తారు. కొట్టలేదు. ఆ చెయ్యి కంప్యూటరు మీద ఆనించి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. మర్నాడు, మూడో తారీఖు శుక్రవారం, మీరు ఫోన్ చేశారు. ముందు ఆయన మాట్లాడారు. రిసీవరు నా చేతికి వచ్చేసరికే మీ గొంతు మారిపోయింది. “మా అన్నయ్య పరువు తీశావట” అని ఒక్క మాట అన్నారు. నేను నోరు తెరిచేలోగా పెట్టేశారు. మిమ్మల్ని తప్పు పట్టను. మీకు తెలిసింది అంతే.

నాలుగో తారీఖున బావగారు ఒక పని చేశారు. మేడ నిక్షేపంలా ఉందని ఊరికి చూపిస్తానని బేబక్కనీ అత్తయ్యగారినీ తీసుకుని ఆ మేడలోకే కాపురం మారిపోయారు, కింద అంతస్తులోకి. నేను అత్తయ్యగారి కాళ్ళు పట్టుకున్నాను. “నా పేరు పెట్టిన ఇల్లు నా మీద పడదులేవే” అన్నారు. బావగారు రోజూ పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా పేపరు చదువుకునేవారు. చాలామంది నన్ను చూసి నవ్వారు. కంప్యూటరులో చూసి ఇల్లు పడిపోతుందని చెప్పే మనిషిని ఇప్పుడే చూస్తున్నామన్నారు.

బేబక్క మాత్రం కూరగాయలకని వచ్చి సెంటర్ గుమ్మం దగ్గర ఆగేది. “మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేల కింద ఏదో చిటుక్కుమంటోందే. ఆయనకి చెబితే బల్లి అంటారు. బల్లి నేల కిందెందుకుంటాదే?” అంది. “నువ్వైనా వచ్చెయ్ అక్కా” అన్నాను. “ఆయన్నొదిలేసా?” అంది. అంతే, సంచి సర్దుకుని ఆ మేడకే వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆగి, మీ ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇంకా దాచితే నేను మనిషిని కాను.

మేడ ఖాళీ చేసిన రోజున రాయవరం నుంచి గౌరీశంకరంగారని ఒక పెద్దాయన వచ్చారు. గుళ్ళో అర్చకత్వం చేస్తారు. వాళ్ళమ్మాయి అమృతవల్లి పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది, మన మేడలో కింద గదిలో ఉండేది. ఆయన నాకు చేతులు జోడించి, “సమయానికి చెప్పి మా పిల్లని కాపాడేరు తల్లీ” అన్నారు. ఆ అమ్మాయి తండ్రి పక్కనే నిలబడి నా వంకే చూస్తోంది. ఒక్క మాట అనలేదు. తండ్రితో చెప్పనూ లేదు. ఏం చెప్పలేదో నాకూ, ఆ అమ్మాయికీ మాత్రమే తెలుసు.

గోడ సంగతి నాకు మొదట చెప్పింది ఫొటోలు కాదండీ. అమృతవల్లి చెప్పింది. ఆగస్టులో, వరద తగ్గిన వారానికే, మన మేడ పేజీ కింద రాసింది: ‘మా గది తలుపు పట్టేస్తోంది. కిటికీ పక్కన గోడ పగిలింది.’ నేను ఆ మాట చెరిపేశాను. కొత్త పిల్లలు చేరే రోజులవి. సెంటర్‌కి వచ్చి, “అక్కా, నేను రాసింది కనబడట్లేదు” అంటే, కంప్యూటరులో ఏదో లోపమమ్మా అన్నాను. ఆ పిల్ల నమ్మి మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపేశాను.

సెప్టెంబరులో మూడోసారి రాసింది. కాలేజీలో నేర్పారట, పగులుకి అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేసిందట. ‘గోడ కదలకపోతే అద్దం అలాగే ఉండాలి. తొమ్మిది రోజుల్లో విరిగిపోయింది. ఇక్కడ చేరేవాళ్ళు ముందు ఇంజినీరుని అడగండి’ అని రాసింది. అది చదివాక నేను ఆ గదికి వెళ్ళాను. విరిగిన అద్దాన్ని నా కళ్ళతో చూశాను. తిరిగి వచ్చి, ఆ మాట కూడా చెరిపేశాను. తర్వాత బావగారు లప్పం పట్టిస్తుంటే ఆ పగులు ఎక్కడుందో నాకు తెలిసీ నోరు మెదపలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మూడో అంతస్తు బావగారి ఆలోచన అని మీరు అనుకుంటున్నారు. కాదు. రెండంతస్తులు చాలని అప్పలరాజు మేస్త్రి నా ముందే అన్నాడు. బావగారు కూడా వెనకాడారు. నేనే ఆయన్ని సెంటర్‌కి పిలిచి, ఆ నెలలో సైటులో ఆడపిల్లల గదుల కోసం ఎంతమంది వెతికారో చూపించాను. “ఇంకో అంతస్తుంటే వారంలో నిండిపోతుంది బావగారూ” అన్నాను. మేస్త్రి వద్దన్న సంగతి మీకు రాయలేదు. ఆ అంతస్తు కోసమే మీరు ఇంకో రెండేళ్ళు ఉంటానని కంపెనీకి సంతకం పెట్టారు.

ఎందుకు చేశానని అడుగుతారు. మేడ నిండుగా ఉంటే ఆ రెండేళ్ళు అవ్వగానే మీరు మళ్ళీ వెళ్ళక్కర్లేదని. పాప మిమ్మల్ని ఫొటోలో చూసి నాన్న అనడం నేను చూడలేకపోయాను. మిగతా అందరి ఇళ్ళ గురించీ నిజం రాసి, మన ఇంటి దగ్గరికి వచ్చేసరికి అబద్ధమాడాను. రెండు నెలల పాటు ఇరవై ఆరుగురు ఆడపిల్లలు ఆ గోడల మధ్య నిద్రపోతున్నారని తెలిసి, నేను మన ఇంట్లో నిద్రపోయాను. ఆ ఫొటోలు చూసి ఉండకపోతే ఇంకెన్నాళ్ళు నిద్రపోయేదాన్నో నాకే తెలియదు.

సైటుకి వచ్చే ప్రతి మాటా నా మెయిల్‌కి కూడా వస్తుంది, అందుకని అవి పూర్తిగా పోలేదు. అమృతవల్లి రాసిన మూడు మాటలూ తేదీలతో సహా మళ్ళీ పేజీలో పెట్టాను. వాటిని చెరిపింది నేనేనని కింద నా పేరుతో రాశాను. గౌరీశంకరంగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన “మీకూ ఆడపిల్ల ఉంది కదమ్మా” అని పెట్టేశారు. ఆ రోజు నుంచి ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

ఇక మొన్న గురువారం సంగతి. పొద్దున్న ఎనిమిదింటికి అత్తయ్యగారు స్నానానికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. బయటికి రాబోతే తలుపు రాలేదు. ద్వారబంధం మీద బరువు దిగి తలుపు నొక్కుకుపోయింది. బావగారు, అప్పలరాజు మేస్త్రి గునపాలతో బద్దలు కొట్టడానికి గంట పట్టింది. నేను కిటికీ దగ్గర నిలబడి అత్తయ్యగారితో మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ తడిబట్టలతో వణుకుతూ, “పాప బడికెళ్ళిందా, అన్నం పెట్టేవా?” అని అడుగుతున్నారు. తలుపు ఊడి ఆవిడ బయటికి అడుగు పెట్టగానే పైన గోడలోంచి పెచ్చు ఊడి, అంతదాకా నిలబడిన చోట పడింది. ఆవిడ బావగారి భుజం పట్టుకుని, “రామ్మూర్తీ, నన్ను మాధురి దగ్గరికి తీసుకుపోరా” అన్నారు.

ఆ మధ్యాహ్నమే అందరూ మన ఇంటికి వచ్చేశారు. సాయంత్రం బావగారు సెంటర్‌కి వచ్చి, పిల్లలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. “ఆ రెండు ఫొటోలూ ఓసారి చూపించమ్మా” అన్నారు. చూపించాను. వేలితో తెర మీద స్తంభాన్ని కింద నుంచి పైకి తడుముకుంటూ వెళ్ళి, పిట్టగోడ దగ్గర ఆపేశారు. మూడో అంతస్తు నువ్వే కదా కట్టించమన్నావని ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “తమ్ముడికి నువ్వే రాయి. నా వల్ల కాదు” అన్నారు.

మునిసిపాలిటీకి అర్జీ పెట్టాను. నిన్న వచ్చి కొలిచి, కూల్చెయ్యాల్సిందేనని చెప్పి, చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరూ వెళ్ళకూడదని బోర్డు పెట్టి వెళ్ళారు. కూల్చడానికి మనుషులు రావాలంటే ఇంకో పది రోజులు పడుతుందట. ఒంటి మీద దెబ్బ లేకుండా ఉన్నామంటే మేడ గొడవ అయిపోయిందనుకునేరు. అవ్వలేదు.

బావగారు శుక్రవారం నుంచి రోజూ లోపలికి వెళ్తున్నారు, ఇవాళ ఆ తాడు కూడా దాటుకుని వెళ్ళారు. గునపం పట్టుకుని ఒక్కరే టేకు తలుపులు, కిటికీ చట్రాలు ఊడదీసి బయట పేరుస్తున్నారు. ఇప్పటికి కింద అంతస్తు అయ్యింది. కిటికీ ఊడదీసిన ప్రతి చోటా దాని మీద గోడకి ఆసరా పోతోందని మేస్త్రి మొత్తుకుంటున్నాడు. నేను గేటు దగ్గర అడ్డం నిలబడితే ఆయన ఏమన్నారో తెలుసా?

“తప్పుకో అమ్మాయ్. పదకొండేళ్ళు వాడు అక్కడ కాలిపోయేడు. రేపు వచ్చి, నా ఇల్లేదన్నయ్యా అంటే ఏం చూపించను? తలుపులైనా చూపిస్తాను.”

బేబక్క ఏడ్చినా వినలేదు. అత్తయ్యగారు ఒట్టు పెట్టినా వినలేదు. ఇవాళ రెండో అంతస్తు మొదలుపెట్టారు. ఈ మాటలు రాస్తుంటే కూడా ఆయన అక్కడే ఉన్నారు. మూడో అంతస్తుకి వెళ్ళడానికి గురువారం, శుక్రవారం అవుతుంది. ఆయన్ని ఆపగలిగే గొంతు ఈ ఊళ్ళో లేదు. మీది ఒక్కటే ఉంది.

నా మీద మీకు ఎంత కోపం వచ్చినా అది ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను. తిట్టండి, ఏ శిక్ష వేసినా పడతాను. సైటు మూసెయ్యమంటే మాత్రం మూయను. తర్వాత మాట్లాడుకుందాం. ముందు బావగారికి ఫోన్ చేయండి. మేడ ఎలా ఉందని అడగకండి. ఎంత పోయిందని అడగకండి. ‘ఆ తలుపులు నాకొద్దన్నయ్యా, నువ్వు బయటికి వచ్చెయ్’ అని ఒక్క మాట చెప్పండి. ఆయనకి కావలసింది మీ నోటి నుంచి ఆ మాటే.

ఇట్లు,
గురువారం పొద్దున్న నుంచి ఫోను పక్కనే కూర్చుని ఉండే
మీ భార్య,
మాధురి.